స్మారా పేరు రాగానే

రాజ్యశ్రీకి పొగరని జర్మనీలోని ఆకెన్‌లో ఉన్న తెలుగువాళ్ళు సగం మంది అంటారు. మిగతా సగం ఏమీ అనరు, ఆమె బస్సెక్కితే ఫోన్లో తల దూర్చేస్తారు. నాకు ఆమె చాలా ఏళ్ళుగా తెలుసు. పొగరున్న మాట నిజమే. అందులో పావు వంతు మా అందరికీ ఉండి ఉంటే ఇవాళ నేనిది రాయాల్సిన అవసరం ఉండేది కాదు.

నా పేరు సుభద్ర. మాది కాకినాడ. మా ఆయన ఉద్యోగం వెంట ఈ ఊరొచ్చి పడ్డాను. బతుకమ్మ అంటే ఏమిటో జర్మనీ వచ్చేదాకా నాకు తెలియదు, నేర్పింది రాజ్యశ్రీయే. ఆమెది సూర్యాపేట దగ్గర పల్లె. ఇక్కడి యూనివర్సిటీలో మాస్టర్స్ చేసి, కార్లలో వాడే సాఫ్ట్‌వేర్‌ని పరీక్షించే కంపెనీలో చేరింది. కరీంనగర్ విక్రాంత్‌ని పెళ్ళి చేసుకుంది. కూతురు భానుప్రియ తెలుగులో అడిగితే జర్మన్‌లో జవాబు చెబుతుంది. అందరిలాగే వీళ్ళూ బ్లూ కార్డు అనే ఉద్యోగ వీసా మీద బతుకుతున్నవాళ్ళే. తప్పులు పట్టడమే రాజ్యశ్రీ ఉద్యోగం. ఆ అలవాటును ఆఫీసులో వదిలి రాదని విక్రాంత్ ఫిర్యాదు.

బతుకమ్మ వచ్చిందంటే మాత్రం రాజ్యశ్రీ లేకుండా మా తెలుగు సమితికి గడవదు. తంగేడు పూలు ఇక్కడ ఎక్కడివి? రైలు పట్టాల పక్కన పచ్చగా విరబూసే పిచ్చిపూలు కోసుకొచ్చి, ఇదే మన తంగేడు అని పేర్చేది. పాట ఎత్తుకునేదీ ఆమే. బతుకమ్మ పాట ఒక్కరితో అయ్యేది కాదు. ఒకరు పాదం అంటే చుట్టూ తిరిగేవాళ్ళు ‘ఉయ్యాలో’ అని అందుకోవాలి. అందుకునేవాళ్ళు లేకపోతే ఎంత గొంతున్నా పాట అక్కడే చచ్చిపోతుంది.

ఆమె ఎప్పుడూ మొదట పాడేది వాళ్ళ అమ్మమ్మ మంగమ్మ కట్టిన పాట. రజాకార్ల పీడ విరగడైందని ఊళ్ళో డప్పులు కొట్టిన కొన్నాళ్ళకే, కమ్యూనిస్టుల్ని ఏరేస్తామంటూ మిలిటరీ లారీలు వచ్చి బడి ముందు ఆగాయట. బడి క్యాంపు అయింది. మగవాళ్ళని తోలుకుపోయి అందులో పడేశారు. పొద్దుగూకితే వాకిట్లోకి రావడానికి లేదు. పొలానికి సద్ది పట్టుకెళ్తే, అడవిలో ఉన్నవాళ్ళ కోసమేనని మూట లాక్కునేవాళ్ళు. ఆ మరుసటి బతుకమ్మకు సిపాయిలు తుపాకులు పట్టుకుని చూస్తూ ఉండగానే ఆడవాళ్ళు బడి గోడ పక్కన బతుకమ్మను పెట్టుకుని ఆడారు. ఎవరింట బిడ్డ పుట్టిందో, ఎవరి తల్లి కన్ను మూసిందో, ఎవరి కొడుకు దొరక్కుండా తప్పించుకున్నాడో అంతా ఉయ్యాల పాటలో కట్టి గోడ అవతలికి వినబడేటట్టు పాడారు. సిపాయిలకు తెలుగు రాదు. పండగ పాటే కదా అని తలలూపారట.

ఈ పాట వచ్చినప్పుడల్లా మా సమితి ఆడవాళ్ళు కళ్ళు తుడుచుకుంటారు. మగవాళ్ళు వీడియోలు తీసి ఫేస్‌బుక్‌లో పెడతారు. “మన చరిత్రండీ, మన పిల్లలకు తెలియాలి” అని సమితి కార్యదర్శి విశ్వనాథం గారు ప్రతి ఏడూ మైకులో అంటారు. ఆయనది గుంటూరు. మాట మెత్తగా ఉంటుంది, మనిషి ఎవరితోనూ గొడవ పడడు. ఆయన్ని తిట్టాలంటే కష్టం. నేను తిడతాను.

కరోనా మొదటి ఏడు నవంబరులో అనుకుంటా, హోటళ్ళు మళ్ళీ మూసేశారు. విక్రాంత్ పడకగదిలో మీటింగులు, ఈమె వంటింట్లో మీటింగులు, మధ్యలో భానుప్రియ అల్లరి. శనివారం టర్కీ కొట్టుకి కూరగాయలకు వెళ్ళడమే ఇంట్లోంచి బయటపడే వంక. అలా వెళ్ళి వస్తూ ఎలీజెన్‌బ్రున్నెన్ దగ్గర, ఆ స్తంభాల మంటపం ముందు, కుళ్ళిన గుడ్ల వాసన కొట్టే వేన్నీళ్ళ ఊట పక్కన ఒకావిడ అట్టముక్క పట్టుకుని నిలబడి ఉండటం చూసింది. ఎదురుగా ఇద్దరు పోలీసులు. సభ పెడతామని ఆవిడ ముందే నమోదు చేయించింది. కానీ రావాల్సిన వాళ్ళలో ఒకరు క్వారంటైన్, మిగతావాళ్ళకు డ్యూటీలు.

“మిగతావాళ్ళేరి? ఒక్క మనిషి నిలబడితే దాన్ని సభ అనరు” అంటున్నాడు పోలీసు.

రాజ్యశ్రీ చేతిలో బెండకాయల సంచీ ఉంది. అట్ట మీద రాసింది చదివింది. నలభై అయిదేళ్ళుగా సైన్యం కింద అని ఉంది. ఆవిడ దగ్గరికెళ్ళి జర్మన్‌లో ఒకే మాట అడిగింది.

“మీ ఊళ్ళో మిలిటరీ ఉందా?”

“ఉంది.”

“నేనూ సభకే వచ్చాను” అంది రాజ్యశ్రీ పోలీసుతో. ఇది దేని గురించో మీకు తెలుసా అని అతను అడిగితే, “మా అమ్మమ్మ చెప్పింది” అందట. అతనికేం అర్థమవుతుంది? మాస్కు సరిగ్గా పెట్టుకోమని, దూరం పాటించమని చెప్పి పక్కకు వెళ్ళాడు.

ఆ అట్ట పట్టుకున్న ఆవిడ పేరు సల్కా. ఇక్కడి వృద్ధాశ్రమంలో నర్సు పని. ఆ ఏడాది ఆ ఆశ్రమాల్లో పనంటే ఏమిటో వేరే చెప్పక్కర్లేదు, ముసలివాళ్ళ చేతులు చివరిసారి పట్టుకున్నది సల్కాలాంటి వాళ్ళే. ఆమెది పడమటి సహారా. అదెక్కడుందో నాకూ తెలియక మ్యాపులో వెతుక్కున్నాను. స్పెయిన్ వాళ్ళు వదిలిపోగానే మొరాకో సైన్యం దిగింది. జనంలో సగం మంది ఎడారికి అడ్డంపడి అల్జీరియాలోకి పారిపోయి గుడారాలు వేసుకున్నారు. మిగిలినవాళ్ళు సైన్యం కింద ఉండిపోయారు. మధ్యలో సైన్యం ఇసుకతో గోడ కట్టి దాని పొడవునా మందుపాతరలు పాతింది. సల్కా తల్లి ఫాతిమెతు చంటిపిల్ల సల్కాను చంకనేసుకుని పారిపోయింది. పెద్ద పిల్ల ఆ పూట నాన్నమ్మ దగ్గరుంది. స్మారా అనే ఊళ్ళో ఉండిపోయింది. తల్లీ కూతుళ్ళు ఆ తర్వాత ఒకరినొకరు చూసుకోలేదు. మధ్యలో కొన్నేళ్ళు ఐక్యరాజ్యసమితి వాళ్ళు విమానం వేసి అటువాళ్ళని ఇటు, ఇటువాళ్ళని అటు చూపించారట. వీళ్ళ వంతు రాకముందే అదీ ఆగిపోయింది.

ఆ పిల్లకు ఇప్పుడు మనవలున్నారు. ఒక మనిషి బతుకంతా గడిచిపోయింది! ఆ కరోనా రెండేళ్ళూ విమానాలు లేవని, అమ్మను చూసుకోలేకపోయామని మా గ్రూపులో ఏడవని వాళ్ళు లేరు. నేనూ ఏడ్చాను. అది బాధే, కాదనను. కానీ మనకు రెండేళ్ళుంటే బాధ, పక్కమనిషికి జీవితమంతా ఉంటే అది రాజకీయం. ఈ లెక్క ఎవరు నేర్పారో నాకు తెలియదు.

ఆ శనివారం నుంచి రాజ్యశ్రీ ప్రతి శనివారం వెళ్ళింది. చేతికి తెల్ల పట్టీ కట్టుకుని సభకు వచ్చేవాళ్ళని దూరదూరంగా నిలబెట్టే పని. వచ్చేది ఆరుగురో ఏడుగురో, పెద్ద ఉప్పెనేం కాదు. వానొస్తే నలుగురు. సూపర్ మార్కెట్లో టమాటా డబ్బా తిప్పి ఎక్కడి పంటో చూడటం, మొరాకోదైతే వదిలేయడం అలవాటైంది. భానుప్రియ కూడా చూసి “నైన్, మమ్మా”, వద్దమ్మా అని వెనక్కి పెట్టేసేది. ఆఫీసులో ఎవరూ ఏమీ అనలేదు. అన్నది మనవాళ్ళే. ఎవరో ఫోటో తీసి సమితి గ్రూపులో పెట్టారు. కింద ఒక్కటే గోల. ధర్నాలకు పోతే పీఆర్, అదే శాశ్వతంగా ఉండే అనుమతి, ఇవ్వరట, ఇంగోల్‌స్టాట్‌లో ఎవరికో ఆపేశారట, డ్రెస్డెన్‌లో ఒక స్టూడెంటును వెనక్కి పంపారట. ఆ ఎవరో ఎవరని అడిగితే ఎవరికీ తెలియదు. గుమ్మడికాయల దొంగ అనకముందే భుజాలు తడుముకునే జాతి మనది.

ముందే చెప్పేస్తాను. రాజ్యశ్రీకి పీఆర్ వచ్చింది. దానికిచ్చిన అపాయింట్‌మెంట్‌లో, ఇక్కడి మాటలో టెర్మిన్‌లో ఆఫీసరమ్మ అడిగింది ఇల్లెంత పెద్దదని, పెన్షన్ ఎన్నాళ్ళు కట్టారని. సహారా ఊసే లేదు. ఈ సంగతి తెలిశాక ఎవరైనా సిగ్గుపడ్డారా అంటే, లేదు. “అదృష్టం బాగుంది” అన్నారు.

రెండో ఏడు అక్టోబరుకి టీకాలయ్యాయి. సర్టిఫికెట్ చూపిస్తే హాల్లోకి రానిస్తున్నారు. చర్చి వాళ్ళ హాలు దొరికింది, సద్దుల బతుకమ్మ చేద్దామని సమితి తీర్మానించింది. అప్పుడే సల్కా తల్లికి జబ్బు చేసిందని కబురొచ్చింది. ఊపిరాడటం లేదు, గుడారంలోంచి కదల్లేని స్థితి. అల్జీరియాకు విమానాలు ఇంకా సరిగ్గా మొదలవలేదు, సల్కాకు వెళ్ళే దారి లేదు. రాజ్యశ్రీకి ఒక ఆలోచన వచ్చింది. గోడ దాటి మనుషులు పోలేరు గానీ వాట్సాప్‌లో గొంతు పోతుంది. సల్కా పంపిన మాట గుడారంలో తల్లి వింటుంది, తల్లి నుంచి అది స్మారాలో ఉన్న అక్కకూ వెళుతుంది. హాలు నిండా ఆడవాళ్ళు తన పేరు, తన ఊరి పేరు పాడుతుంటే ఆ ముసలావిడ వినాలి. మా అమ్మమ్మ వాళ్ళు గోడ మీంచి పంపినట్టే పంపుదాం అంది. సల్కా ఈ మాట అప్పుడే తల్లికి చెప్పేసింది. ముసలావిడ గుడారాల్లో అందరికీ చెప్పుకుందట, నా పేరు మీద పాట పాడుతున్నారని.

ఈ పాట సంగతి రాజ్యశ్రీ దాచలేదు. జూమ్‌లో సమితి మీటింగు జరుగుతుంటే అందరి ముందూ చెప్పింది. విశ్వనాథం గారు మాస్కు లేకపోయినా ఉన్నట్టే గొంతు తగ్గించారు.

“అదేంటండీ రాజ్యశ్రీ గారూ, పరాయి దేశంలో ఉన్నాం. ఎవరి గొడవలో వాళ్ళుంటే మంచిది కదండీ. పండగ పూట రాజకీయాలెందుకు? మీ అమ్మమ్మ గారి పాట పాడండి, అది అందరికీ ఇష్టం.”

“మా అమ్మమ్మ పాటల ఏమున్నదో తెలుసునా సార్ మీకు?”

“తెలుసండీ. మిలిటరీ క్యాంపు. మన బాధ కదా అది, మన చరిత్ర.”

“వాళ్ళది వాళ్ళ బాధ కాదా?”

“కాదని ఎవరన్నారు? వాళ్ళది వాళ్ళు పాడుకుంటారు” అన్నాడాయన. ఎంత మెత్తగా అన్నాడో! ఎద్దు పుండు కాకికి ముద్దు అంటారు. మా వాళ్ళకు సొంత పుండు కూడా ముద్దే, వీడియో తీసుకోవడానికి పనికొస్తుంది గనక.

ఇంటికెళ్తే విక్రాంత్ బతిమాలుకున్నాడు. అతను చెడ్డవాడేం కాదు, భయస్థుడు.

“పీఆర్ టెర్మిన్ వచ్చే నెలనే ఉన్నది గదనే. ఒక్క నెల ఆగుతే ఏమైతది?”

“ఆ ముసలమ్మ నలభై ఆరేండ్ల సంది ఆగుతున్నది. ఇంకొక్క నెల ఆగుమని నువ్వే ఫోన్ చేసి చెప్పు. నంబరిస్తా” అంది.

పండగ రోజు పట్టాల పక్కకెళ్ళి పూలు కోసుకొచ్చింది విక్రాంతే.

హాల్లో ఆ సాయంత్రం మంచి సందడి. రెండేళ్ళ తర్వాత అందరం ఒకచోట చేరాం, పట్టుచీరలు బీరువాల్లోంచి బయటికొచ్చాయి. పులిహోర, పెరుగన్నం, సత్తుపిండి, మలీద. సల్కా వాళ్ళ దేశపు బట్ట కట్టుకుని వచ్చింది. ఒంటి నిండా చుట్టి తల మీదికి కప్పుకునే పొడవాటి నీలం బట్ట. “అరె, అచ్చం చీరలా ఉందే” అని మావాళ్ళు చుట్టూ చేరి పట్టుకుని చూశారు, సెల్ఫీలు దిగారు. బట్ట నచ్చింది. అందులో మనిషి ఎక్కడినుంచి వచ్చిందో అడిగినవాళ్ళు మాత్రం ఇద్దరు ముగ్గురే.

రికార్డు చేసే పని నాకు అప్పజెప్పింది రాజ్యశ్రీ. “సుభద్రక్కా, నువ్వు మాత్రం నోరు తెర్వకు. ఫోన్ నీ చేతిల ఉంటది, నీ గొంతే మోగుతది. ఆ ముసలమ్మ భయపడ్తది” అంది. నా పాట సంగతి అందరికీ తెలుసు. సరేనన్నాను.

ముందు అమ్మమ్మ పాట ఎత్తుకుంది. బడి ముందర లారీలు ఆగాయి, ఉయ్యాలో. పెనిమిటిని తోలుకుపోయారు, ఉయ్యాలో. చుట్టూ తిరుగుతున్నవాళ్ళు ఎలా అందుకున్నారంటే హాలు అద్దాలు అదిరాయి. సల్కాకు ఉయ్యాలో ఒక్కటే నేర్పించాం, ఆమె కూడా వంగి చప్పట్లు చరుస్తూ అంటోంది. ఎప్పటిలాగే కళ్ళు తుడుచుకునేవాళ్ళు తుడుచుకున్నారు. మగవాళ్ళు ఎప్పటిలాగే ఫోన్లు పైకెత్తారు. రాజ్యశ్రీ ఆగలేదు, అదే వరసలో ముందుకు పోయింది.

“పడమటి దిక్కున ఉయ్యాలో
ఇసుక గోడున్నది ఉయ్యాలో”

అందుకున్నారు. ఇసుక గోడ అంటే ఎవరికీ అనుమానం రాలేదు.

“గోడకు ఆ పక్క ఉయ్యాలో
స్మారా ఊరున్నది ఉయ్యాలో”

ఉయ్యాలో సగమే వచ్చింది. ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. కొందరి కళ్ళు విశ్వనాథం గారి మీదికి వెళ్ళాయి. ఆయన తల అడ్డంగా ఊపాడు. అంతే, ఆపమని నోటితో అనలేదు. చప్పట్లు ఆగాయి. అడుగులు ఆగాయి.

“గోడకు ఈ పక్క ఉయ్యాలో
ఫాతిమెతు ఉన్నదే ఉయ్యాలో”

ఎవరూ అందుకోలేదు. అంతమంది ఆడవాళ్ళం, నోట్లో బెల్లం ముక్క పెట్టుకున్నట్టు నిలబడ్డాం. ఆ నిశ్శబ్దంలో సల్కా ఒక్కతే, తల్లి పేరు వినబడగానే సంబరపడిపోయి, గొంతెత్తి “ఉయ్యాలో” అంది. తన మూలంగానే అందరూ ఆగారని ఆమెకు తెలియదు. తన వంతు వచ్చిందనుకుంది. ఆమెనొక్కదాన్నే పాడనివ్వాలని ఆగామనుకుంది.

నేనింక పట్టలేకపోయాను. ఫోన్ చేతిలో ఉందని కూడా మర్చిపోయి, అపశ్రుతో, ఏ శ్రుతో, అందుకున్నాను. మాస్టర్స్ చదివే శ్రావ్య ఒక్కతి మెల్లగా గొంతు కలిపింది. ముగ్గురం. రాజ్యశ్రీ పాదం తప్పలేదు. ఇంకో రెండు పాదాలు పాడిందో లేదో, స్పీకర్లలోంచి ధడేల్మని సినిమా పాట మొదలైంది. విశ్వనాథం గారే పెట్టించారు. “రండమ్మా, పిల్లలు డాన్స్ చేస్తారట” అని నవ్వుతూ అన్నారు. అందరూ హమ్మయ్య అనుకుని కదిలారు. తిలాపాపం తలా పిడికెడు. ఎవరి పిడికెడు వాళ్ళు తీసుకుని పులిహోర బల్ల దగ్గరికి పోయారు.

నా ఒళ్ళు మండిపోయింది. మంగమ్మ ఊళ్ళో తుపాకులు పెట్టినా ఆడవాళ్ళు పాట ఆపలేదని ఏడ్చిన కళ్ళు ఇంకా ఆరలేదు. ఇక్కడ తుపాకులేవి? ఒక్క పెద్దమనిషి తల ఇటూ అటూ ఊపాడు. దానికే మా వాళ్ళ గొంతులు పడిపోయాయి.

రికార్డింగ్ పంపొద్దని నేనన్నాను. రాజ్యశ్రీ కూడా మొదట వద్దనే అంది. సల్కా వినలేదు. అమ్మ ఎదురుచూస్తోంది, పేరు బాగానే వినబడుతోంది, అది చాలంది. నా ఫోన్లోంచి తన ఫోన్లోకి వేసుకుని, ఉన్నదున్నట్టు పంపేసింది.

మర్నాడు పొద్దున రాజ్యశ్రీ వంటింట్లో ముగ్గురం టీ తాగుతుంటే తల్లి దగ్గర్నుంచి జవాబు వచ్చింది. ఆయాసపడుతున్న ముసలి గొంతు, మధ్య మధ్య దగ్గు. సల్కా వింటూ వింటూ కప్పు బల్ల మీద పెట్టేసింది. మళ్ళీ మొదట్నుంచి విన్నది. ఏమందని రాజ్యశ్రీ అడిగితే, సల్కా మా మొహాల వంక చూడకుండా జర్మన్‌లో చెప్పింది.

“ఆడవాళ్ళు చాలా బాగా పాడారంటోంది. నా పేరు విన్నాను, ఊరి పేరు విన్నాను అంటోంది. కానీ మన ఊరి పేరు రాగానే అందరూ ఎందుకు ఆగిపోయారు, సిపాయిలు వచ్చారా అని అడుగుతోంది. ఎవరినైనా పట్టుకుపోయారా? నా మూలంగా ఆ ఆడపిల్లలకు ఏమైనా అయిందా? అందరూ క్షేమంగా ఇళ్ళకు చేరారో లేదో కనుక్కుని చెప్పమంటోంది.”

రాజ్యశ్రీ లేచి కిటికీ దగ్గరికి పోయి నిలబడింది. వెనక్కి తిరక్కుండానే, “నిజం చెప్పు” అంది. “ఇక్కడ సిపాయిలు లేరని చెప్పు. ఎవరూ రాలేదు, ఎవరూ కొట్టలేదు, వాళ్ళంతట వాళ్ళే ఆగిపోయారని చెప్పు.”

సల్కా ఫోన్ నోటి దగ్గర పెట్టుకుని వాళ్ళ భాషలో నాలుగు మాటలు మాట్లాడి పంపింది. ఏం చెప్పావని అడిగాను.

“అందరూ క్షేమంగా ఇళ్ళకు చేరారని చెప్పాను” అంది.

అదీ నిజమే. మిగిలిన పులిహోర డబ్బాల్లో కట్టుకుని మరీ చేరారు.